గర్భసంచి పగిలితే ముందు తెలిసేది బిడ్డ గుండెకే

మొదటి కాన్పు సిజేరియన్ అయితే, రెండోసారి నెలలు నిండుతున్న కొద్దీ అందరి చూపూ పొట్ట మీది మచ్చ మీదే ఉంటుంది. అక్కడ లాగినట్టుంటే భయం, దురద పెడితే భయం. నిజానికి పొట్ట మీది మచ్చ లోపలి సంగతి ఏమీ చెప్పదు. చర్మాన్ని అడ్డంగా కోసి, లోపల గర్భసంచిని నిలువుగా తెరిచిన ఆపరేషన్లు ఉన్నాయి. చర్మం మీద నిలువు గీత ఉండి, లోపల అడ్డకోత ఉన్నవీ ఉన్నాయి. ఈసారి గర్భసంచి పగిలే ముప్పు ఎంతన్నది లోపలి కోతను బట్టి ఉంటుంది. అది తెలిసేది పాత ఆపరేషన్ నోట్స్‌లోనే. అందుకే సిజేరియన్ అయిన ప్రతి తల్లి దగ్గరా ఆ కాగితం కాపీ ఉండాలి. డిశ్చార్జి చీటీలో 'ఎల్‌ఎస్‌సీఎస్' (గర్భసంచి కింది భాగంలో కోసిన సిజేరియన్) అని ఒక్క ముక్క రాసి ఉంటే సరిపోదు. కోత ఏ దిక్కున పెట్టారు, బిడ్డను తీసేటప్పుడు పక్కకో కిందకో చిరిగిందా, ఎన్ని పొరలుగా కుట్టారు, అసలు సిజేరియన్ ఎందుకు చేయాల్సివచ్చింది, అప్పటికి గర్భసంచి ముఖద్వారం ఎంత తెరుచుకుంది, ఇవన్నీ అందులో ఉండాలి.

గర్భసంచి గోడకి మూడు పొరలు. లోపల మాయ అతుక్కునే మెత్తటి పొర, మధ్యలో మందపాటి కండరం, బయట ఉల్లిపొర లాంటి పలుచని తొడుగు. మూడూ ఒకేచోట చిరిగి, లోపలి భాగం కడుపులోకి తెరుచుకుంటే దాన్ని రప్చర్ అంటారు. అప్పుడు రక్తం, ఉమ్మనీరు, ఒక్కోసారి బిడ్డ చెయ్యో కాలో, ఒక్కోసారి బిడ్డా మాయా మొత్తంగా కడుపులోకి వచ్చేస్తాయి. కండరం మాత్రమే విడిపోయి పైపొర నిలబడి ఉంటే అది డెహిసెన్స్. మళ్లీ సిజేరియన్ చేయడానికి కడుపు తెరిచినప్పుడు ఇది అనుకోకుండా బయటపడుతూ ఉంటుంది. పాత కోత చోట కండరం లేక, పలుచటి పొర వెనక బిడ్డ జుట్టు కదులుతూ కనబడుతుంది. తల్లికి నొప్పి ఉండదు, రక్తం పోదు, బిడ్డకీ ఏమీ కాదు. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి చెప్పే శాతాలతోనే సగం గందరగోళం. ఎవరైనా ఒక అంకె చెబితే, ఇందులో డెహిసెన్స్ కేసులు కూడా కలిపారా అని ముందు అడగాలి.

ఎవరికి ఎంత ముప్పు

గర్భసంచి కింది భాగంలో ఒకే ఒక్క అడ్డకోత ఉన్నవారు మామూలు కాన్పుకి ప్రయత్నిస్తే పగిలే అవకాశం 0.5 నుంచి 0.9 శాతం. అంటే రమారమి 110 నుంచి 200 మందిలో ఒకరు. నొప్పులు రాకముందే తేదీ పెట్టుకుని మళ్లీ సిజేరియన్ చేస్తే అది 10,000 మందిలో ఇద్దరికి పడిపోతుంది. రెండు సిజేరియన్లు అయినవారిలో ఒకటీ రెండు శాతాల మధ్య. పైభాగంలో నిలువుగా కోసిన క్లాసికల్ కోత, లేదా టీ ఆకారపు కోత అయితే 4 నుంచి 9 శాతం. పైగా ఇవి నొప్పులు మొదలవకముందే, ఎనిమిదో నెలలోనో తొమ్మిదో నెలలోనో పగలవచ్చు. కాబట్టి వీరికి మామూలు కాన్పు ప్రయత్నం అన్న మాటే ఉండదు.

నోట్స్ దొరకకపోతే ఒక ప్రశ్న సాయపడుతుంది: ఆ సిజేరియన్ ఎన్నో నెలలో అయింది? 28 వారాల లోపు గర్భసంచి కింది భాగం సరిగ్గా ఏర్పడి ఉండదు. అంత ముందే చేసిన ఆపరేషన్ అయితే నిలువు కోత పెట్టి ఉండే అవకాశం ఎక్కువ. బిడ్డ అడ్డం తిరిగి వీపు కిందికి ఉన్నా, కింది భాగంలో పెద్ద ఫైబ్రాయిడ్ (గర్భసంచిలో పెరిగే కండరపు గడ్డ) ఉన్నా అంతే. నెలలు నిండి, తల కిందికే ఉండి, కాన్పు ముందుకు సాగక చేసిన సిజేరియన్ అయితే కింది అడ్డకోతే అయ్యుండొచ్చు.

ముప్పును పెంచేవి మరికొన్ని ఉన్నాయి. రెండు కాన్పుల మధ్య 18 నెలల కన్నా తక్కువ ఎడం ఉండటం ఒకటి. ఈ లెక్క కాన్పు నుంచి కాన్పుకి, గర్భం నిలిచే నాటికి కాదు. అంటే తొలిబిడ్డకి తొమ్మిది నెలలు నిండకుండానే మళ్లీ నెల తప్పితే ఈ కోవలోకి వచ్చేసినట్టే. గర్భసంచిని ఒకే పొరగా, గొలుసు కుట్టు బిగించి కుట్టడం కూడా ముప్పును పెంచుతుందని చాలామంది నిపుణులు భావిస్తారు. మరోవైపు, ఇదివరకు ఒక్కసారైనా మామూలు కాన్పు అయి ఉంటే ముప్పు తగ్గుతుంది, మళ్లీ మామూలుగా అయ్యే అవకాశం 85 నుంచి 90 శాతం దాకా పెరుగుతుంది. మొత్తం మీద ఒక సిజేరియన్ తర్వాత ప్రయత్నించినవారిలో నూటికి 72 నుంచి 75 మందికి మామూలు కాన్పు అవుతుంది. కాబట్టి 'ఒకసారి కోస్తే ఎప్పుడూ కోతే' అనడం సరికాదు. ప్రయత్నించే చోటు సరైనదై ఉండాలి, అంతే.

స్కానింగ్‌లో కింది భాగం మందం కొలిచి 'మీ కుట్లు పలచబడ్డాయి' అని చెప్పడం ఈమధ్య ఎక్కువైంది. 2 లేదా 2.5 మి.మీ. కన్నా తక్కువ ఉంటే ముప్పు పెరుగుతుందన్నది నిజం. కానీ ఇంత ఉంటే పగులుతుంది, ఇంత ఉంటే పగలదు అని గీత గీయగల అంకె లేదు. మూత్రాశయం ఎంత నిండి ఉందన్నదాన్ని బట్టీ, ప్రోబ్ ఎంత నొక్కారన్నదాన్ని బట్టీ కొలత మారిపోతుంది. ఆ ఒక్క అంకె చూసి అర్ధరాత్రి పరుగులు పెట్టక్కర్లేదు. మిగతా వివరాలతో కలిపి చూడాలి.

సిజేరియన్ కాకుండా గర్భసంచి మీద జరిగిన వేరే ఆపరేషన్లను చెప్పడం చాలామంది మరిచిపోతారు. ల్యాప్రోస్కోపీలో ఫైబ్రాయిడ్ తీసి, కరెంటుతో ఎక్కువగా కాల్చి, కండరాన్ని పొరలుగా కుట్టకుండా వదిలేస్తే ఆ చోటు బలహీనంగా మిగిలిపోతుంది. అడినోమయోసిస్ (గర్భసంచి లోపలి పొర కండరంలోకి చొరబడటం) ముద్దను తీసినప్పుడూ, గర్భసంచి మూలలో నిలిచిన గర్భాన్ని కోసి తీసినప్పుడూ, డీ అండ్ సీలో (గర్భసంచి లోపల గీకి శుభ్రం చేసేటప్పుడు) చిల్లు పడినప్పుడూ అంతే. వీటిలో కొన్ని నొప్పులు లేకుండానే పగులుతాయి. ఆరో నెలలోనో ఏడో నెలలోనో ఉన్నట్టుండి కడుపునొప్పి, వాంతి, కళ్లు తిరగడంతో వస్తే గ్యాస్ అనో అపెండిక్స్ అనో పొరబడటం తేలిక. గర్భిణికి కడుపునొప్పితో పాటు పల్స్ పెరిగి, హిమోగ్లోబిన్ తగ్గుతూ ఉంటే, బయట రక్తం కనబడకపోయినా, కడుపులో రక్తం ఉందేమో స్కాన్ చేసి చూడాలి. మాయ గర్భసంచి గోడను తొలుచుకుని బయటిదాకా పాకిన పెర్‌క్రీటాలోనూ, పుట్టుకతోనే రెండు కొమ్ములుగా ఏర్పడిన గర్భసంచి తాలూకు చిన్న కొమ్ములో గర్భం నిలిచినప్పుడూ ఇదే తంతు.

మచ్చ లేని గర్భసంచి

ఏ ఆపరేషనూ కాని గర్భసంచి పగలడం చాలా అరుదు, 10,000 కాన్పుల్లో ఒకటీ రెండు. కానీ పగిలితే తల్లికి ఇదే ఎక్కువ ప్రమాదం. మచ్చ చోట ఉండేది నార లాంటి కణజాలం, అది విడిపోయినా ఒక్కోసారి రక్తం పెద్దగా పోదు. మంచి కండరం చిరిగితే, అదీ పక్కకి గర్భాశయ ధమని దాకా చిరిగితే, పోయే రక్తం వేరు. నెలలు నిండాక గర్భసంచికి నిమిషానికి 500 నుంచి 700 మి.లీ. రక్తం చేరుతూ ఉంటుంది.

దీనికి పాతకాలం నుంచీ ఉన్న కారణం, కాన్పు దారి మూసుకుపోవడం. బిడ్డ తల పెద్దదై కటిలో ఇరుక్కున్నా, అడ్డం తిరిగినా, గర్భసంచి పైభాగం ముడుచుకుంటూ మందమవుతుంది, కింది భాగం సాగుతూ సాగుతూ పలచబడుతుంది. రెండింటి మధ్యా పొట్ట మీద ఏటవాలుగా ఒక గాడి కనబడుతుంది. దాన్ని బాండల్ రింగ్ అంటారు. గంట గంటకీ అది బొడ్డు వైపు ఎగబాకుతుంది. నొప్పికీ నొప్పికీ మధ్య పొట్ట మెత్తబడదు, ముట్టుకుంటే తల్లి ఒప్పుకోదు. నాలుక ఎండిపోతుంది, పల్స్ 110 దాటుతుంది, మూత్రం కొంచెమే వస్తుంది, అదీ ఎర్రగా. ఆ గాడి కనిపించాక ఇంకాసేపు చూద్దాం అనడానికి లేదు. తొలి కాన్పులో ఇలా దారి మూసుకుపోతే గర్భసంచి అలిసి నొప్పులు ఆగిపోవడమే ఎక్కువ. నాలుగైదు కాన్పులు అయినవారి గర్భసంచి అలా ఆగదు, పగిలేదాకా తోస్తూనే ఉంటుంది. 'ఆవిడకి కాన్పులు అలవాటే, త్వరగా అయిపోతుంది' అనే ధీమా అందుకే ప్రమాదం.

రెండో కారణం మనుషుల చేతుల్లోది: నొప్పుల మందులు. ఆక్సిటోసిన్‌ను నిమిషానికి 1 లేదా 2 మిల్లీయూనిట్లతో మొదలుపెట్టి, అరగంటకోసారి పెంచుతారు. మచ్చ ఉన్నవారిలో 20 మిల్లీయూనిట్లు దాటకూడదు. పంపు మీద పెట్టడం మేలు. డ్రిప్ చక్రాన్ని చేత్తో తిప్పి చుక్కలు లెక్కపెడితే, తల్లి చెయ్యి కదిలినా వేగం మారిపోతుంది. పది నిమిషాల్లో ఐదు కన్నా ఎక్కువ నొప్పులు వస్తుంటే తగ్గించాలి, బిడ్డ గుండె తేడాగా ఉంటే ఆపేయాలి. బిడ్డ పుట్టకముందు ఆక్సిటోసిన్ సూదిని కండకి వేయడం మాత్రం ఎక్కడా, ఎప్పుడూ చేయకూడదు. డ్రిప్ అయితే ఆపొచ్చు, కండలోకి పోయిన మందును వెనక్కి లాగలేం. మిసోప్రోస్టాల్ మాత్రదీ అదే సమస్య. మచ్చ లేనివారిలో నొప్పులు తెప్పించడానికి వాడే మోతాదు 25 మైక్రోగ్రాములు, దొరికే మాత్ర ఎక్కువగా 200. దాన్ని బ్లేడుతో ఎనిమిది ముక్కలు చేస్తే ఏ ముక్కలో ఎంత మందుందో ఎవరికీ తెలియదు. సిజేరియన్ మచ్చ ఉన్నవారికి చివరి మూడు నెలల్లో నొప్పుల కోసం మిసోప్రోస్టాల్ అసలు వాడకూడదు. వీరికి ఏ మందుతో నొప్పులు తెప్పించినా, సహజంగా వచ్చిన నొప్పులతో పోలిస్తే పగిలే ముప్పు రెండు మూడు రెట్లు. ఇక పొట్ట మీద ఎక్కి తోయడం సంగతి వేరే చెప్పక్కర్లేదు. అది ఎక్కడ జరిగినా ఆపించాల్సిన పనే.

గుర్తుపట్టడం

భరించలేని నొప్పి, యోని నుంచి రక్తం, బిడ్డ గుండె తేడా: పుస్తకాల్లో ఈ మూడూ కలిపి చెబుతారు. మూడూ ఒకేసారి కనబడేది పది కేసుల్లో ఒకటి కూడా ఉండదు. వాటి కోసం ఎదురుచూస్తే బిడ్డ దక్కదు. అన్నిటికన్నా ఎక్కువగా, రమారమి 70 శాతం కేసుల్లో, కనిపించేది బిడ్డ గుండె తీరు మారడం. చాలాసార్లు మొదట కనిపించేది, ఒక్కోసారి కనిపించేదంతా అదే. మచ్చ ఉన్న తల్లికి నొప్పులు మొదలయ్యాక సీటీజీ (బిడ్డ గుండెనీ నొప్పులనీ కాగితం మీద గీసే మెషీన్) నిరంతరం నడవాలనేది ఇందుకే. అరగంటకోసారి వచ్చి విని వెళ్తే సరిపోదు.

సీటీజీ కాగితం మీద అది ఇలా ఉంటుంది. 140 దగ్గర నడుస్తున్న గీత నొప్పి వచ్చినప్పుడల్లా కిందికి దిగి పైకి వస్తూ ఉంటుంది. కొంతసేపటికి దిగడం లోతవుతుంది, పైకి రావడం ఆలస్యమవుతుంది, నొప్పికీ నొప్పికీ మధ్య గీతలో ఉండే సన్నటి రంపపు పళ్లు చదునైపోతాయి. ఆ తర్వాత ఒక్కసారిగా 70కో 60కో పడి, అక్కడే ఉండిపోతుంది. ఇలా పడినప్పుడు లేబర్ రూముల్లో పాటించే లెక్క ఒకటుంది: 3 నిమిషాలకి సాయం పిలవాలి, 6 నిమిషాలకి థియేటర్‌కి కదలాలి, 9 నిమిషాలకి సిద్ధమై ఉండాలి, 12 నిమిషాలకి ఆపరేషన్ మొదలవ్వాలి. కానీ రప్చర్ అనుమానం ఉంటే ఆ మెట్లు కూడా లేవు. మొదటి నిమిషం నుంచే పరుగు.

ఇక్కడ మెషీన్ ఒక మోసం చేస్తుంది. తల్లికి లోపల రక్తం పోతూ పల్స్ 130కి చేరితే, బెల్టు బిడ్డ గుండెను వదిలేసి తల్లి పల్స్‌ను పట్టుకుంటుంది. తెర మీద 130 అని అందంగా కనబడుతుంది. పడిపోయిన గుండె 'తేరుకుంది' అనుకుంటారు. తల్లి వేలికి పల్స్ ఆక్సీమీటర్ పెట్టి రెండు అంకెలూ పక్కపక్కన చూడాలి. రెండూ ఒకేలా కదులుతుంటే అది బిడ్డ గుండె కాదు.

మిగతా గుర్తుల్లో, నొప్పికీ నొప్పికీ మధ్య కూడా తగ్గని కడుపునొప్పి ముఖ్యం. ఎపిడ్యూరల్ (నొప్పి తెలియకుండా వెన్నులో ఇచ్చే మందు) పెట్టినవారిలో ఇది దాగిపోతుందని ఒక అపోహ ఉంది. అంతవరకూ బాగా పనిచేసిన ఎపిడ్యూరల్‌కి మళ్లీ మళ్లీ మందు పెంచమని తల్లి అడుగుతోందంటే అదే ఒక గుర్తు. యూరిన్ పైపులో రక్తం, భుజం కొనలో నొప్పి (కడుపులోని రక్తం ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే ఉదరవితానాన్ని తాకడం వల్ల), కిందికి దిగిన తల లోపలి పరీక్షలో మళ్లీ పైకి పోయి అందకపోవడం, పొట్ట ఆకారం మారి బిడ్డ అవయవాలు చర్మం కిందే చేతికి తగలడం. నొప్పులు ఆగిపోతాయని చెబుతారు గానీ ఆగకపోవచ్చు కూడా, దాని మీద ఆధారపడొద్దు. బయటికి కనిపించే రక్తం కొంచెమే ఉంటుంది, పోయేదంతా లోపలికే. కాన్పు అయిపోయాక బయటపడేవీ ఉన్నాయి: గర్భసంచి గట్టిగానే ఉంది, కనిపించే రక్తం తక్కువే, తల్లి మాత్రం పాలిపోయి బీపీ పడిపోతోంది. అప్పుడు రప్చర్ గుర్తుకు రావాలి.

బీపీ బాగుంది కదా అని నిదానించకూడదు. నిండు గర్భిణి ఒంట్లో దాదాపు 6 లీటర్ల రక్తం ఉంటుంది. అందులో పావు వంతు పోయేదాకా బీపీ నిలబడే ఉండొచ్చు. అందుకని పల్స్‌ను పై బీపీతో భాగించి చూస్తారు. పల్స్ 110, పై బీపీ 100 అయితే 1.1. ఇది 0.9 దాటితే లోపల ఏదో జరుగుతున్నట్టే.

చేతిలో ఉన్న నిమిషాలు

1993లో అచ్చయిన ఒక అమెరికా అధ్యయనం నుంచి 18 నిమిషాలు అన్న మాట వాడుకలోకి వచ్చింది. బిడ్డ గుండె పడిపోయి అలాగే ఉండిపోయినప్పటి నుంచి 18 నిమిషాలు దాటాక తీసిన బిడ్డల్లో తీవ్రమైన నష్టం కనిపించింది. ఈ అంకెను హామీగా తీసుకోకూడదు. బిడ్డా మాయా పూర్తిగా కడుపులోకి వచ్చేస్తే అంతకంటే ముందే నష్టం జరగవచ్చు. మాయ విడిపోవడం, బొడ్డుతాడు నలగడం, తల్లి బీపీ పడిపోవడం, వీటిలో ఏది ఎంత జరిగిందన్నదాన్ని బట్టి బిడ్డ పరిస్థితి ఉంటుంది. సిజేరియన్‌కి అరగంటలో సిద్ధం కాగలం అని ఆసుపత్రులు చెప్పుకునే గడువు మిగతా వాటికి సరిపోతుందేమో, దీనికి మాత్రం చాలదు. మామూలు కాన్పుకి ప్రయత్నించే చోట మత్తు డాక్టర్, థియేటర్, రక్తం, పిల్లల డాక్టర్ ఫోన్ చేస్తే వచ్చేలా కాదు, అక్కడే ఉండాలి. ఏ గుర్తును ఎంత బాగా పట్టామన్నదాని కన్నా ఈ ఒక్క విషయమే ఎక్కువ ప్రాణాలు నిలబెడుతుంది.

అనుమానం వచ్చిన వెంటనే ఆక్సిటోసిన్ ఆపాలి. తల్లిని ఎడమ పక్కకి తిప్పి ఆక్సిజన్ పెట్టాలి. రెండు చేతులకీ 14 లేదా 16 గేజ్ సూదులు పెట్టి, అదే పోటుతో గ్రూపు, క్రాస్‌మ్యాచ్, హిమోగ్లోబిన్, గడ్డకట్టే పరీక్షలు, రక్తాన్ని గడ్డకట్టించే ప్రోటీన్ అయిన ఫైబ్రినోజెన్‌కి రక్తం తీయాలి. బ్లడ్ బ్యాంకుకి 'భారీగా రక్తస్రావం' అనే చెప్పాలి, ఒక యూనిట్ పంపమని కాదు. స్కాన్ కోసం ఆగకూడదు. తల పైన ఉండగా వ్యాక్యూమ్ పెట్టి లాగే ప్రయత్నం చేయకూడదు. ద్వారం పూర్తిగా తెరుచుకుని, తల కిందే ఉండి, ఒక్క లాగుతో బిడ్డ వచ్చేస్తుందనిపిస్తే మాత్రం అదే త్వరైన దారి, ఆ వెంటనే కడుపు తెరవాలి. థియేటర్ లేని చోట నుంచి పంపేటప్పుడు ముందు ఫోన్ చేసి రప్చర్ అనుమానం అనీ, రక్తం గ్రూపు ఇదీ అనీ చెప్పాలి. అవతల వాళ్లు చేతులు కడుక్కుని సిద్ధంగా ఉండేది ఆ ఒక్క మాటతోనే.

కడుపు తెరిచాక మొదట బిడ్డ, తర్వాత మాయ. ఆపైన గర్భసంచిని గాయంలోంచి బయటికి ఎత్తి, చిరిగిన అంచుల్ని గ్రీన్ ఆర్మిటేజ్ క్లాంపులతో పట్టుకుంటే చాలావరకు రక్తం ఆగుతుంది. ఆగకపోతే వెన్నెముక మీద మహాధమనిని పిడికిలితో నొక్కిపట్టి, మత్తు డాక్టర్ రక్తం ఎక్కించేదాకా సమయం కొనుక్కోవచ్చు. కుట్టే తొందరలో మరిచిపోయేవి మూడు: గర్భసంచి వెనక గోడ, మూత్రాశయం, మూత్రనాళం. పక్కకి చిరిగిన చోట రక్తం గడ్డ కింద మూత్రనాళం దాగి ఉంటుంది. అది ఎటు పోతోందో చూడకుండా సూది వేస్తే దాన్ని కూడా కలిపి కుట్టేస్తారు.

అంచులు శుభ్రంగా ఉంటే రెండు పొరలుగా కుట్టి గర్భసంచిని ఉంచేయవచ్చు. ఎన్నోచోట్ల చిరిగినా, గంటల తరబడి ఇరుక్కుని చీము పట్టినా, రక్తం ఆగకపోయినా తీసేయాల్సిందే. ముఖద్వారాన్ని ఉంచి పైభాగం మాత్రం తీయడం త్వరగా అవుతుంది. చిరుగు ముఖద్వారం దాకా దిగితే మొత్తం తీయక తప్పదు. రప్చర్ అయినవారిలో 14 నుంచి 33 శాతం మందికి గర్భసంచి తీసేయాల్సి వచ్చినట్టు లెక్కలు చెబుతున్నాయి. రక్తం, ప్లాస్మా, ప్లేట్‌లెట్లు 1:1:1 చొప్పున ఎక్కిస్తారు, ఫైబ్రినోజెన్ లీటరుకి 2 గ్రాముల పైన ఉంచుతారు, రక్తస్రావాన్ని తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ 1 గ్రాము పది నిమిషాలపాటు నరంలోకి ఇస్తారు. రక్తం ఇంకా పోతుంటే అరగంట తర్వాత రెండో గ్రాము. చల్లటి సెలైన్ లీటర్ల కొద్దీ ఎక్కిస్తే ఒళ్లు చల్లబడి రక్తం గడ్డకట్టడం మానేస్తుంది, అందుకని వెచ్చచేసి ఇవ్వాలి.

బిడ్డకి ఏమవుతుంది

అన్ని వసతులూ ఉన్న చోట రప్చర్ అయినా బిడ్డ చనిపోయేది నూటికి ఆరుగురి దగ్గర. ఇరుక్కుపోయి, ఆలస్యంగా ఆసుపత్రికి చేరిన కాన్పుల్లో ఎక్కువమంది బిడ్డలు దక్కరు. బతికిన బిడ్డల్లో చాలామంది మామూలుగానే ఎదుగుతారు. భయమంతా మెదడుకి ఆక్సిజన్ అందని ఆ కొన్ని నిమిషాల గురించి. పుట్టగానే ఏడవకపోతే తుడిచి, మొదటి నిమిషంలోపే మాస్క్‌తో గాలి అందించాలి, నిమిషానికి 40 నుంచి 60 సార్లు. ఛాతీ లేస్తూ 30 సెకన్లు గాలి అందాక కూడా గుండె 60 లోపే ఉంటే ఛాతీ నొక్కాలి, మూడు నొక్కులకి ఒక ఊపిరి. బొడ్డుతాడు రక్తంలో పీహెచ్ (ఆమ్లత కొలత) 7.0 కన్నా తక్కువ ఉండటం, పదో నిమిషానికి కూడా ఆప్‌గార్ (పుట్టిన బిడ్డ పరిస్థితికి పదికి వేసే మార్కులు) 5 దాటకపోవడం, ఒళ్లు మెత్తబడిపోవడం, ఫిట్స్ రావడం మెదడు దెబ్బతిన్నదనడానికి సూచనలు.

36 వారాలు నిండిన అలాంటి బిడ్డకి, పుట్టిన 6 గంటల లోపు మొదలుపెట్టి, 72 గంటలపాటు ఒంటి వేడిని 33 నుంచి 34 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచే చికిత్స ఉంది. అది పూర్తిస్థాయి ఎన్‌ఐసీయూలో (పసిబిడ్డల ఐసీయూ) చేయాల్సిన పని. భారత్, శ్రీలంక, బంగ్లాదేశ్ ఆసుపత్రుల్లో జరిగి 2021లో వెలువడిన హెలిక్స్ అధ్యయనంలో దీనివల్ల మేలు కనబడలేదు సరికదా మరణాలు పెరిగాయి. కాబట్టి ఏసీ గదిలో పెట్టో, ఐస్ ప్యాకులు పెట్టో చల్లబరిచే సొంత ప్రయోగాలు చేయకూడదు. నాలుగో రోజు నుంచి వారంలోపు తీసే ఎంఆర్‌ఐ ముందుముందు ఎలా ఉంటుందో కొంత చెబుతుంది. ఆ తర్వాత రెండేళ్ల దాకా మెడ నిలపడం, కూర్చోవడం, చూపు, వినికిడి వరసగా చూపించుకోవాలి.

తల్లికి, ఆ తర్వాత

మూత్రాశయం చిరిగి కుట్టినట్టయితే యూరిన్ పైపు 10 నుంచి 14 రోజులు ఉంటుంది. 'నడుస్తున్నాను కదా' అని ముందే తీయించుకోకూడదు. నడుము పక్కన నొప్పి, జ్వరం, తడి ఆగకుండా కారడం మూత్రనాళానికి దెబ్బ తగిలిందనడానికి గుర్తులు. ఇరుక్కున్న కాన్పులో తల ఒత్తిడికి నలిగిన చోట ఫిస్టులా (మూత్రాశయానికీ యోనికీ మధ్య పడే రంధ్రం) వెంటనే కనబడదు, వారం పది రోజులకి మూత్రం కారడం మొదలవుతుంది. తల్లి రక్తం ఆర్‌హెచ్ నెగెటివ్, బిడ్డది పాజిటివ్ అయితే ఒక విషయం తప్పక గుర్తుంచుకోవాలి: 300 మైక్రోగ్రాముల యాంటీ డీ సూది 30 మి.లీ. బిడ్డ రక్తానికే సరిపోతుంది. రప్చర్‌లో అంతకన్నా ఎక్కువే కలిసి ఉండొచ్చు కాబట్టి తల్లి రక్తంలో బిడ్డ రక్తం ఎంత కలిసిందో చెప్పే క్లైహవర్ పరీక్ష చేసి మోతాదు నిర్ణయించాలి.

రక్తం బాగా పోయినవారికి పాలు అసలు పడకపోయినా, నెలలు గడిచినా బహిష్టు రాకపోయినా, ఎప్పుడూ నీరసంగా బీపీ తక్కువగా ఉన్నా మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి దెబ్బతిన్నదేమో హార్మోన్ పరీక్షలు చేయించాలి. ఏళ్ల తరబడి దీన్ని బాలింత నీరసం అనుకుని వదిలేసినవారు ఉంటారు. గర్భసంచి తీసేసినా అండాశయాలు ఉంచితే హార్మోన్లు యథాప్రకారమే ఉంటాయి, బహిష్టు మాత్రం రాదు. ముఖద్వారం మిగిలి ఉంటే క్యాన్సర్ పరీక్షలు ఎప్పటిలా చేయించుకుంటూనే ఉండాలి. ఏం జరిగిందో, ఎందుకు జరిగిందో తల్లికీ తండ్రికీ విడిగా కూర్చోబెట్టి చెప్పడం డిశ్చార్జి రోజున ఐదు నిమిషాల్లో అయ్యే పని కాదు. నెలా నెలన్నర తర్వాత మళ్లీ పిలిచి చెప్పాలి. రాత్రిళ్లు నిద్ర పట్టకపోవడం, థియేటర్ పేరెత్తితే వణుకు రావడం అప్పటికీ తగ్గకపోతే మానసిక వైద్యుల దగ్గరికి పంపాలి.

గర్భసంచిని ఉంచిన తల్లి మళ్లీ గర్భం దాలిస్తే, చిరుగు కింది భాగంలో ఉన్నవారిలో మళ్లీ పగిలే ముప్పు 6 శాతం దగ్గర, పైభాగంలో ఉన్నవారిలో 32 శాతం దాకా అని పాత అధ్యయనాల లెక్క. అందుకే రప్చర్ కాగితంలో చిరుగు ఎక్కడి నుంచి ఎక్కడి దాకా అన్నది బొమ్మ గీసి ఇవ్వమని అడగాలి. మళ్లీ గర్భం వద్దనుకుంటే, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌కి అప్పటికప్పుడు బల్ల మీద సంతకం పెట్టించుకోవడం కన్నా, సిజేరియన్ అయినవారితో నెలలు నిండకముందే ఆ మాట మాట్లాడి రాసి ఉంచుకోవడం మంచిది. కావాలనుకుంటే కనీసం ఏడాదిన్నర నుంచి రెండేళ్లు ఆగాలి. గర్భం నిలిచాక మొదట్లోనే స్కాన్ చేసి మాయ పాత చిరుగు మీద అతుక్కుందేమో చూడాలి. నొప్పులు రాకముందే, 36 నుంచి 37 వారాల మధ్య సిజేరియన్‌కి తేదీ పెట్టాలి. ఆసుపత్రి దూరమైతే ఆ తేదీకి ముందు వారాల్లో దగ్గరలోనే ఉండాలి. ఈలోపు కడుపు గట్టిపడటమో నొప్పో మొదలైతే, అవి దొంగ నొప్పులా అసలు నొప్పులా అని ఇంట్లో తేల్చుకోకుండా ఆ కాగితం పట్టుకుని బయల్దేరాలి.